మోడల్ రైల్వేలో ఏ బండ్లు నడపాలి: గది కొలత నుంచి మొదటి కొనుగోలు దాకా

మోడల్ రైల్వే మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది ముందు ఇంజిన్ కొంటారు. వందే భారత్ కొత్తగా ఉందని ఒకటి, బొగ్గింజిన్ అంటే చిన్నప్పటి మోజని ఇంకొకటి, తక్కువకు వచ్చిందని ఒక జర్మన్ బోగీల సెట్టు. అవన్నీ ఇంటికొచ్చాక పట్టాలు ఎలా వేయాలా అని ప్లైవుడ్ ముందు కూర్చుంటారు. ఒకదానికి వంపు చాలదు. ఇంకోదానికి పైన కరెంటు తీగలు లేవు. మూడోది మిగతా రెండింటి పక్కన నిలబడితే ఏ దేశంలో ఉన్నామో తెలియదు.

నన్నడిగితే ఈ పనిని తిరగేసి చేయాలి. గది ఎంత వంపు ఇస్తుందో ముందు చూడాలి. ఆపైన ఒక లైను, ఒక కాలం పట్టుకోవాలి. ఆ లైనులో బండ్లు ఏం పని చేస్తాయో చూసి, ఆ పనికి తగ్గ బండిని తెచ్చుకోవాలి. ఇలా వెళితే కొనాల్సిన జాబితా సగానికి తగ్గుతుంది, తగ్గిన జాబితాలోని ప్రతి బండికీ చేయడానికి పని ఉంటుంది.

ఉదాహరణలకు దక్షిణ మధ్య రైల్వేను, విశాఖపట్నం కేంద్రంగా ఉన్న ఒకప్పటి వాల్తేరు డివిజన్‌ను తీసుకున్నాను. కొలతలు ఎక్కువగా హెచ్‌ఓ స్కేల్‌వి. అమెరికాలోనో జర్మనీలోనో ఉంటూ అక్కడి బండ్లే నడపాలనుకునేవారికీ పద్ధతి ఇదే, అంకెలు మారతాయి అంతే.

1. స్కేల్

హెచ్‌ఓ అంటే 1:87, అంటే అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మి.మీ. ఎన్ అంటే 1:160, పట్టాల మధ్య 9 మి.మీ. హార్న్‌బీ లాంటి బ్రిటిష్ కంపెనీలు ఓఓ అనే 1:76 స్కేల్లో చేస్తాయి. అదీ 16.5 మి.మీ. పట్టాల మీదే నడుస్తుంది. చిక్కంతా ఇక్కడే. ఓఓ ఇంజిన్‌కు హెచ్‌ఓ బోగీలు తగిలిస్తే బండి కదులుతుంది, కానీ ఇంజిన్ దాదాపు 15 శాతం పెద్దదిగా కనిపిస్తుంది. పెట్టె మీద హెచ్‌ఓ/ఓఓ అని కలిపి రాసి ఉంటే, అది పట్టాల సంగతే అనుకోండి. బండి స్కేల్ ఏదో విడిగా అడిగి తెలుసుకోండి.

మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. బజార్లో దొరికే 16.5 మి.మీ. పట్టాలు 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్ లెక్కలో చేసినవి. అంటే మన బండ్ల హెచ్‌ఓ మోడళ్లు దాదాపు అన్నీ కాస్త ఇరుకు పట్టాల మీద నడుస్తున్నట్టే. ఎదురుగా వంగి చూస్తే తెలుస్తుంది, పక్కనుంచి చూస్తే పట్టదు. దీన్ని సరిచేయడానికి పట్టాలు, ఇరుసులు సొంతంగా చేసుకునే ఓపిక ఉన్నవాళ్లు ఉన్నారు. మొదటి లేఅవుట్‌కు, అంటే బల్ల మీద మీరు కట్టే మొదటి రైల్వేకు, ఆ జోలికి పోవద్దు.

చోటు మరీ తక్కువైతే ఎన్ స్కేల్ మంచిదే. కానీ మన బండ్లు అందులో దొరకడం కష్టం. ఎన్ ఎంచుకుంటే జపాన్ బండ్లో యూరప్ బండ్లో నడపడానికి మనసు సిద్ధం చేసుకోవాలి.

2. వంపు కొలవండి

ఏ బండి నడపాలన్నది సగం ఇక్కడే తేలిపోతుంది, అందుకే ఈ అడుగు దగ్గర తొందరపడకూడదు.

వంపు రేడియస్ అంటే వృత్తం మధ్య నుంచి పట్టాల మధ్య గీత దాకా ఉండే దూరం. పాతకాపులు చాలాకాలంగా వాడుతున్న లెక్క ఒకటుంది. మీ బండ్లలో అన్నిటికంటే పొడవైన పెట్టెను కొలిచి, వంపు రేడియస్ కనీసం దానికి రెండున్నర రెట్లు ఉండేలా చూసుకోవాలి. మూడు రెట్లుంటే నిశ్చింతగా నడుస్తుంది. మూడున్నర, నాలుగు రెట్లకు వెళితే బొమ్మ బండిలా కాకుండా నిజం బండిలా వంపు తిరుగుతుంది.

ఈ లెక్కను మన బండ్లకు పెట్టి చూద్దాం. ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లకు ఉండే ఎల్‌హెచ్‌బీ రకం బోగీ అసలు పొడవు 23.54 మీ. హెచ్‌ఓలో అది 27 సెం.మీ. అవుతుంది. మూడు రెట్లంటే 81 సెం.మీ. రేడియస్. వృత్తం అడ్డంగా 1.62 మీ., అంచులతో కలిపి దాదాపు 1.8 మీ. వెడల్పు బల్ల కావాలి. పాత ఐసీఎఫ్ బోగీ 21.3 మీ., హెచ్‌ఓలో 24.5 సెం.మీ. దానికి రెండున్నర రెట్లు 61, మూడు రెట్లు 74. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.7 మీ. మాత్రమే. హెచ్‌ఓలో 12.3 సెం.మీ., మూడు రెట్లు చేసినా 37 దాటదు. అక్కడ అడ్డం వచ్చేది వ్యాగన్ కాదు, ఇంజిన్. డబ్ల్యూడీఎం-2 డీజిల్ 17.1 మీ., మోడల్ దాదాపు 19.7 సెం.మీ. ఉంటుంది, అంటే 50 నుంచి 60 సెం.మీ. రేడియస్ అడుగుతుంది. డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజిన్లు రెండూ 20.5 మీ. పైచిలుకు, 23.6 సెం.మీ. వస్తాయి.

ఇప్పుడు 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ ముక్క తీసుకోండి. 4 అడుగులంటే 122 సెం.మీ. అంచు వదిలితే రేడియస్ 55 దాటదు. అందులో డబ్ల్యూడీఎం-2 వెనక బాక్స్‌ఎన్ వ్యాగన్లు హాయిగా తిరుగుతాయి. ఐసీఎఫ్ బోగీలు ఇరుగ్గా తిరుగుతాయి. ఎల్‌హెచ్‌బీ పట్టాలు తప్పకపోయినా చూడటానికి బాగుండదు. 55 సెం.మీ. వంపులో దాని మూల మామూలు కంటే సెంటీమీటరు దాకా బయటికి పొడుచుకొస్తుంది. అదే వంపులో బాక్స్‌ఎన్ మూల వచ్చేది 2 మి.మీ. చిల్లర. ప్లాట్‌ఫారం అంచు, సిగ్నల్ స్తంభం, పక్క లైను మీది బండి, వీటన్నిటికీ ఆ సెంటీమీటరే తగులుతుంది.

కొనకముందే దీన్ని పరీక్షించొచ్చు. 27 సెం.మీ. పొడవు, 3.7 సెం.మీ. వెడల్పు అట్టముక్క కోయండి. మధ్య గీత మీద, రెండు చివరలకూ సమాన దూరంలో, ఒకదానికొకటి 17 సెం.మీ. ఎడంగా రెండు గుండుసూదులు గుచ్చండి. ఎల్‌హెచ్‌బీ కింద చక్రాల ట్రాలీలు ఉండేది దాదాపు అక్కడే. దారానికి పెన్సిల్ కట్టి పాత కార్డ్‌బోర్డు మీద మీకు కుదిరే వంపు గీయండి. సూదులు రెండూ గీతను వదలకుండా అట్టను జరుపుతూ, మూలలు ఎక్కడిదాకా వస్తున్నాయో, నడుము లోపలికి ఎంత జరుగుతోందో గీసుకోండి. ఐసీఎఫ్‌కూ, బాక్స్‌ఎన్‌కూ ఇలాగే వేరే అట్టలు చేయండి. షాపులో గంటసేపు మాట్లాడితే తెలియని సంగతి ఈ అట్టముక్కతో పది నిమిషాల్లో తెలుస్తుంది.

పెట్టె మీద 43 సెం.మీ. వంపులోనూ తిరుగుతుంది అని రాసి ఉండొచ్చు. అది అబద్ధం కాదు. యూరప్ కంపెనీలు బోగీలను కలిపే కప్లర్ వంపులో సాగేలా ప్రత్యేకంగా చేస్తాయి, కొన్ని బోగీ పొడవునే కుదిస్తాయి. జర్మన్ ఎక్స్‌ప్రెస్ బోగీ అసలు 26.4 మీ. హెచ్‌ఓలో 30.3 సెం.మీ. ఉండాలి, కానీ 28.2 సెం.మీ.కు కుదించినవీ అమ్ముతారు. తిరగడం వేరు, తిరుగుతుంటే చూడబుద్ధి కావడం వేరు.

3. బండి ఎంత పొడవు ఉండాలి

నిజం బండి పొడవును మక్కికి మక్కి దించాలనుకోవద్దు. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల రేక్, అంటే ఒకే బండిగా కట్టిన వరస, హెచ్‌ఓలో 7 మీటర్లు దాటుతుంది. 24 ఎల్‌హెచ్‌బీ బోగీల ఎక్స్‌ప్రెస్ ఇంజిన్‌తో కలిపి 6.8 మీ. ఉంటుంది. అపార్ట్‌మెంట్ పడకగది గోడ సగం దూరంలోనే అయిపోతుంది. 16 బోగీల వందే భారత్ 384 మీ., హెచ్‌ఓలో 4.4 మీ.

మీ బండి పొడవును నిర్ణయించేది మీ స్టేషన్లోని లూప్ లైను, అంటే ఇంకో బండికి దారి ఇవ్వడానికి పక్కకు తప్పుకుని ఆగే లైను. పాయింటు (పట్టాలు రెండుగా చీలే చోటు) నుంచి పాయింటు దాకా బండి పూర్తిగా లోపలికి వచ్చి నిలబడే దూరం కొలవండి. అందులోంచి ఓ చేతి వెడల్పు తీసేయండి, మిగిలిందే మీ బండి. అది 1.9 మీ. వచ్చిందనుకోండి. ఒక విద్యుత్ ఇంజిన్, 12 బాక్స్‌ఎన్‌లు, వెనక గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ ఒకటి సరిపోతాయి, కంటికి అది నిండైన గూడ్సు బండే. అదే 1.9 మీటర్లలో ఎక్స్‌ప్రెస్ అయితే ఆరు ఐసీఎఫ్ బోగీలు పడతాయి. మనకు తెలిసిన ఎక్స్‌ప్రెస్‌కు ఆరు బోగీలు ఏ మూలకు? కంటికి తేడా కొడుతుంది. ప్యాసింజర్ బండి అనుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు, బ్రాంచి లైన్లలో అంతకంటే చిన్నవి నడిచాయి.

అందుకే చిన్న గదికి నా ఓటు గూడ్సుకు, ప్యాసింజర్‌కు. ఎక్స్‌ప్రెస్ నడపాలన్న కోరిక బలంగా ఉంటే 8 బోగీల వందే భారత్ ఒక దారి. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ 2023 సెప్టెంబరులో 8 బోగీలతోనే మొదలైంది. హెచ్‌ఓలో 2.2 మీ. కుదించకుండా, పూర్తి బండి. కాకపోతే దాని బోగీ పొడవూ ఎల్‌హెచ్‌బీ లాంటిదే, కాబట్టి వంపు లెక్క మారదు.

4. ఒక లైను, ఒక కాలం

ఇక్కడ మనసు రాయి చేసుకోవాలి. నచ్చిన బండ్లన్నీ ఒకే బల్ల మీదికి రావు.

కాలాన్ని స్థూలంగా నాలుగు ముక్కలు చేసుకోవచ్చు. 1970ల దాకా డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఆవిరి ఇంజిన్లు, నాలుగు చక్రాల వ్యాగన్లు, స్తంభం మీద చెయ్యిలా లేచి వాలే సిగ్నళ్లు. 1980ల నుంచి 1990ల మధ్య దాకా ముదురు ఎరుపు ఐసీఎఫ్ బోగీలు, వాటి ముందు డబ్ల్యూడీఎం-2. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తో ముగిశాయి. ఆ తర్వాత నీలం బోగీల కాలం, డబ్ల్యూఏపీ-4, డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7 ఇంజిన్లు. ఐసీఎఫ్ రకం బోగీల తయారీ 2018 జనవరిలో ఆగింది. అక్కడి నుంచి ఎల్‌హెచ్‌బీ, డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9, 2019 ఫిబ్రవరి నుంచి వందే భారత్.

సరిహద్దులు ఇంత గట్టిగా ఉండవు, ఒక కాలం బోగీ ఇంకో కాలంలోకి సాగుతుంది. అయినా డబ్ల్యూపీ పక్కన వందే భారత్ నిలబెట్టాలంటే అది రైల్ మ్యూజియం దృశ్యం కావాలి. అలా కావాలనుకుంటే మ్యూజియమే కట్టండి, అదీ ఒక పద్ధతే.

కాలం ఎంచుకునేటప్పుడు ఖర్చు కూడా చూడండి. విద్యుత్ ఇంజిన్లంటే స్తంభాలు, తీగలు కావాలి. తీగల్లో కరెంటు పారించక్కర్లేదు, పట్టాల నుంచే వస్తుంది. అయినా స్తంభాలైనా లేకుండా పాంటోగ్రాఫ్ (ఇంజిన్ నెత్తిన తీగను తాకే చట్రం) గాల్లోకి లేచి ఉంటే బోసిగా కనిపిస్తుంది. స్తంభాలు నిలబెట్టడం రోజుల పని, పట్టాలు తుడిచేటప్పుడు చేతికి అడ్డం కూడా. డీజిల్ కాలానికి ఆ బాధ లేదు. ఆవిరి ఇంజిన్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ పక్కన ఆడే కడ్డీలు సున్నితం, దుమ్ముకు తొందరగా మొరాయిస్తాయి. చిన్నపిల్లల చేతికి ఇవ్వాలనుకుంటే డీజిల్ మేలు.

నా ఇష్టం అడిగితే 1990ల చివరి భాగం. డబ్ల్యూడీఎం-2 ఇంకా అన్ని రకాల బండ్లకూ కట్టేవారు. ఎరుపు బోగీలు, కొత్తగా వచ్చిన నీలం బోగీలు రెండూ కనిపించేవి. ఒకే ఇంజిన్‌ను పొద్దున ప్యాసింజర్‌కు, మధ్యాహ్నం గూడ్సుకు తగిలించినా అబద్ధం కాదు.

5. బండి చేసే పని

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ బల్ల మీద బండి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు పోతోంది? దీనికి జవాబు లేకపోతే గుండ్రంగా తిరిగే బండిని చూస్తూ వారానికే విసుగొస్తుంది. మన దగ్గరి నాలుగు పనులు చెబుతాను. నాలుగూ నిజంగా జరిగేవో, ఒకప్పుడు జరిగినవో.

మొదటిది రామగుండం. ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి సింగరేణి గనుల నుంచి బొగ్గు తెచ్చే సొంత రైలు మార్గాన్ని మెర్రీ-గో-రౌండ్ అంటారు. గని దగ్గర నింపుకోవడం, కేంద్రం దగ్గర అడుగు తలుపులు తెరిచి బొగ్గు కిందికి వదిలేయడం, మళ్లీ గనికి పోవడం. అంటే బండి చుట్టూ తిరగడమే అక్కడ దాని ఉద్యోగం! 8×4 బల్ల మీద గుండ్రటి పట్టాలు వేసుకుని సిగ్గుపడేవారికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కావాల్సింది ఒక డీజిల్ ఇంజిన్, అడుగున తెరుచుకునే హాపర్ వ్యాగన్లు ఎనిమిదో పదో, ఒక బ్రేక్ వ్యాన్. అన్నీ పొట్టివే, 55 సెం.మీ. వంపు చాలు. బల్ల మధ్యలో గుట్టలాంటి అడ్డుగోడ కట్టి ఒక పక్క గని, ఇంకో పక్క విద్యుత్ కేంద్రం పెడితే నిండిన రేక్ ఒక దిక్కు, ఖాళీ రేక్ ఇంకో దిక్కు వెళ్లేలా రెండు రేక్‌లతో నడపొచ్చు.

రెండోది కొత్తవలస–కిరండోల్ లైను, మనం అరకు లైను అనుకునేది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేశారు. యాభైకి పైగా సొరంగాలు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్. 1980ల ఆరంభంలోనే విద్యుదీకరణ అయింది, ఖనిజం బండ్లకు రెండేసి మూడేసి ఇంజిన్లు కట్టేవారు. మోడల్‌కు ఇది వరం, ఎందుకంటే సొరంగంలోకి వెళ్లిన బండి వెనక దాగిన లూప్‌లో ఆగిపోవచ్చు, ఇంకో బండి బయటికి రావొచ్చు. చూసేవాళ్లకు కొండ అవతల ఏదో ఊరున్నట్టే ఉంటుంది. ఇక్కడ ముఖ్య బండి బాక్స్‌ఎన్ ఖనిజం రేక్, దానికి రెండు డబ్ల్యూఏజీ-5లు. తోడుగా కిరండోల్ ప్యాసింజర్. 2017 తర్వాతి కాలమైతే దానికో అద్దాల విస్టాడోమ్ బోగీ తగిలించొచ్చు.

అయితే కొండ ఎక్కించే ముందు ఒక లెక్క చూసుకోండి. ఒక లైను మీదుగా ఇంకో లైను దాటాలంటే హెచ్‌ఓలో సుమారు 8 సెం.మీ. ఎత్తు కావాలి. మోడల్‌కు రెండు శాతం వాలు, అంటే 50కి 1, భరించదగ్గది. ఆ లెక్కన 8 సెం.మీ. ఎక్కడానికి 4 మీ. పొడవు పోతుంది. చిన్న గదిలో అంత లేదు. పట్టాలు సమంగానే ఉంచి కొండను వాటి వెనక, ముందు కట్టండి. బండి ఎక్కుతున్నట్టు ఎలాగూ అనిపిస్తుంది.

మూడోది విశాఖపట్నం స్టేషన్. విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు పోయే బండి స్టేషన్లోకి వస్తే ఇంజిన్ ఈ చివర విప్పి ఆ చివర కట్టాల్సిందే. అది ప్రయాణికుడికి ఇరవై నిమిషాల విసుగు, మోడలర్‌కు ఇరవై నిమిషాల పండగ. చుట్టూ తిరిగే చోటు లేకపోయినా, గోడ వెంట 40 సెం.మీ. వెడల్పు పలక మీద ఇది నడుస్తుంది. ఒక బండి వస్తుంది, ఇంజిన్ విడిపోతుంది, షెడ్డు వైపు పోతుంది, ఇంకో ఇంజిన్ అటు చివరకు వస్తుంది. ఇలాంటి లేఅవుట్‌కు బోగీలు తక్కువ, ఇంజిన్లు ఎక్కువ కొనాలి. వందే భారత్, మెము లాంటి రెండు పక్కలా క్యాబ్ ఉన్న బండ్లకు ఈ తతంగం ఉండదు. అందుకే ఇక్కడ అవి ముఖ్య బండిగా పనికిరావు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 సంక్రాంతికి మొదలైంది కదా, దాన్ని ఒక ప్లాట్‌ఫారం మీద అలంకారానికి నిలబెట్టుకోండి.

నాలుగోది నౌపడ. శ్రీకాకుళం జిల్లాలో హౌరా–చెన్నై లైను మీద ఉన్న ఈ స్టేషన్ నుంచి 1900లో పర్లాకిమిడికి న్యారోగేజ్ బండి మొదలైంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, తర్వాత గుణుపురం దాకా సాగింది. 762 మి.మీ. గేజ్ హెచ్‌ఓలో 8.8 మి.మీ. అవుతుంది. అంటే ఎన్ స్కేల్ 9 మి.మీ. పట్టాలు, యంత్రాలు సరిగ్గా సరిపోతాయి. చిన్న ఇంజిన్, మూడు చిన్న బోగీలు అయితే 25 సెం.మీ. వంపులోనూ తిరుగుతాయి. ఒక పక్క బ్రాడ్‌గేజ్ మీద గూడ్సు ఆగి ఉంటుంది, పక్కన చిన్న బండి ప్రయాణికుల కోసం చూస్తుంటుంది. సిద్ధంగా దొరికేవి తక్కువ, సొంతంగా చేసుకోవాల్సింది ఎక్కువ. చేతిపని ఇష్టమైతే ఈ నాలుగింట్లో నేను దీన్నే ఎంచుకుంటాను. తీరిక లేనివారు రామగుండం వైపు వెళ్లండి.

మీ పని ఈ నాలుగింట్లో లేకపోవచ్చు. తెనాలి, డోన్, మహబూబ్‌నగర్, మీ ఊరి స్టేషన్ ఏదైనా సరే. పాత టైంటేబుల్ దొరికితే ఇంకా మంచిది, ఏ బండి ఎప్పుడు ఆగేదో తెలుస్తుంది.

6. ముఖ్య బండి, తోడు బండి, చిల్లర బండి

పని తేలాక బండ్లను మూడు వరసల్లో పెట్టుకోండి. ముఖ్య బండి ఒక్కటే ఉండాలి, మీ లైను పేరు చెబితే గుర్తొచ్చేది అదే. తోడు బండి దానికి దారి ఇచ్చేది, దాని కోసం లూప్‌లో ఆగేది. గూడ్సు ముఖ్యమైతే ప్యాసింజర్ తోడు, ప్యాసింజర్ ముఖ్యమైతే గూడ్సు తోడు. రెండూ ఎక్స్‌ప్రెస్‌లే అయితే ఆగి దారి ఇచ్చేవాళ్లు ఎవరు?

చిల్లర బండ్లను ఎవరూ పట్టించుకోరు గానీ లేఅవుట్‌కు ప్రాణం అవే. ఒంటరిగా షెడ్డుకు పోయే ఇంజిన్, కంకర వ్యాగన్లు రెండు, కరెంటు తీగలు చూసుకునే టవర్ వ్యాగన్. టవర్ వ్యాగన్ ఒక్క పెట్టె పొడవే, పక్కకు తీసిన ఏ చిన్న లైనులోనైనా పడుతుంది, ఎక్కడికైనా ఏ వేళలోనైనా పోవచ్చు.

బోగీల్లో పొదుపు ఉపాయం ఒకటి. పినాకిని, రత్నాచల్, శాతవాహన మూడూ విజయవాడ నుంచి పగటిపూట నడిచే బండ్లు, ఎక్కువగా కూర్చునే సీట్ల బోగీలే. నీలం ఐసీఎఫ్ బోగీల రేక్ ఒక్కటి ఉంటే పక్కనుండే ఊళ్ల బోర్డు మార్చి మూడు పేర్లతోనూ నడపొచ్చు. ఇంజిన్ మారిస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది.

మొత్తం ఎన్ని బండ్లు అంటే, బండి పూర్తిగా నిలబడగల లైన్లు లెక్కపెట్టి అందులోంచి ఒకటి తీసేయండి. నాలుగు లైన్లుంటే మూడు బండ్లు. అన్ని లైన్లూ నిండితే ఏ బండీ కదలదు.

7. డబ్బు కట్టే ముందు చూడాల్సినవి

కరెంటు: అమెరికా సెట్ల అడాప్టర్లు చాలావరకు 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అక్కడితో సరి. చుట్టాలు తెచ్చిపెట్టిన సెట్టుకు ముందు అడాప్టర్ వెనక రాసింది చదవండి.

పద్ధతి: మామూలు డీసీ కంట్రోలర్‌తో ఒక లైను మీద ఒకసారి ఒకే బండిని నడపగలం. డీసీసీ అనే డిజిటల్ పద్ధతి అయితే ఒకే పట్టాల మీద ఇంజిన్లను విడివిడిగా నడపొచ్చు. అరకు పని, విశాఖ పని ఎంచుకుంటే డీసీసీ దాదాపు తప్పదు, రామగుండానికి డీసీ చాలు. డీసీసీ వైపు వెళ్తారనిపిస్తే డీకోడర్ (డీసీసీ ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్) పెట్టే సాకెట్ ఉన్న ఇంజిన్లే కొనండి.

మార్క్‌లిన్ హెచ్‌ఓ సెట్లు మూడు కాంటాక్టుల ఏసీ పద్ధతివి. వాటి చక్రాలు ఒకదానికొకటి ఇన్సులేట్ అయి ఉండవు, మామూలు రెండు పట్టాల డీసీ లైను మీద పెడితే షార్ట్ అవుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కనిపించినప్పుడు ఇది గుర్తుండాలి.

కప్లర్: అమెరికన్ బండ్లకు పిడికిలి రకం, యూరప్ బండ్లకు కొక్కెం రకం ఉంటాయి. నేరుగా కలవవు. అన్నిటికీ ఒకే రకం మార్చుకోండి, లేదా రేక్ చివరి బోగీకి మాత్రం మార్చండి.

మన ఇంజిన్లు: చిన్న తయారీదారులు, త్రీడీ ప్రింటు చేసేవాళ్లు పై తొడుగులు ఇస్తారు, లోపల విదేశీ యంత్రం ఉంటుంది. డబ్ల్యూడీఎం-2 పుట్టింది అమెరికన్ ఆల్కో డిజైన్ నుంచి, కాబట్టి ఆరు ఇరుసుల అమెరికన్ డీజిల్ యంత్రాలు దానికి కుదరొచ్చు. ట్రాలీల మధ్య దూరం కొలిచి చూడకుండా తొడుగు కొనొద్దు.

8. కొనే వరస

ముందు ముఖ్య బండి ఇంజిన్, నాలుగు వ్యాగన్లు, ఒక బ్రేక్ వ్యాన్. ఇంతే. రేక్ పూర్తిగా కొనకండి. వీటితో తాత్కాలికంగా పరిచిన పట్టాల మీద, మీరు గీసిన వంపులో నడిపి చూడండి. ముందుకు లాగినప్పుడు బాగానే ఉంటుంది. వెనక్కి నెట్టినప్పుడే, అదీ పాయింట్ల మీదుగా నెట్టినప్పుడే, అసలు సంగతి బయటపడుతుంది.

బరువు కూడా అప్పుడే చూసుకోవాలి. అమెరికన్ మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు 28 గ్రాములు, దానిపై ప్రతి అంగుళం పొడవుకు 14 గ్రాములు. బాక్స్‌ఎన్‌కు ఇది దాదాపు 97 గ్రాములు, ఎల్‌హెచ్‌బీకి 180 దాకా. త్రీడీ ప్రింటు వ్యాగన్లు చాలా తేలిక, రేక్ పొడవు పెరిగేకొద్దీ వంపులో లోపలికి ఒరిగిపోతాయి. ఇనుప నట్లు, సీసం ముక్కలు అడుగున అంటించి బరువు పెంచండి. వంటింటి తూకం సరిపోతుంది.

ఈ నాలుగు వ్యాగన్లు నమ్మకంగా నడిచాక రేక్ పూర్తి చేయండి. ఆ తర్వాత తోడు బండి. చిల్లర బండిని ఎప్పుడు కొన్నా పరవాలేదు, పండగ డిస్కౌంట్లకు దాన్ని వదిలేయండి. రెండో ఇంజిన్‌కు డబ్బు తీసేముందు మొదటి బండి పూర్తి రేక్‌తో వెనక్కి నెట్టుకుంటూ లూప్‌లోకి వెళ్లి, పట్టాలు తప్పకుండా బయటికి రావాలి. ప్రతిసారీ ఒకే వ్యాగన్ తప్పుతుంటే దాని చక్రాలు, బరువు చూడండి. వేర్వేరు వ్యాగన్లు ఒకే చోట తప్పుతుంటే తప్పు పట్టాలది.